మే దాకా కరివేపాకు పీకకండి

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. కమిటీ పెద్దలకు, పొద్దున్నుంచీ పచ్చడి కలుపుతున్న ఆడపడుచులకు నమస్కారం. పెరటి తోట గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు.

మన డాలస్‌లో మామూలుగా మార్చి సగం దాటేసరికి మంచు భయం తగ్గుతుంది. అయినా గోంగూర, బెండ గింజలకు తొందరొద్దు. మట్టిలో వేలు దించితే జిల్లుమంటోందా, బెండ గింజ అందులో మొలవదు, కుళ్లుతుంది. మెంతి, కొత్తిమీర చలికి ఓర్చుకుంటాయి, వాటిని ఫిబ్రవరి చివర్లోనే చల్లాలి. ఎండ ముదిరితే కొత్తిమీర పూతకొచ్చేస్తుంది. ఇక వంగనారు... అది తర్వాత. ముందు కరివేపాకు సంగతి చెప్పనివ్వండి.

2021 ఫిబ్రవరి గుర్తుందా? 16వ తేదీన మన ఎయిర్‌పోర్టులో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్. కరెంటు లేక మనం దుప్పట్లు కప్పుకున్నాం. చెట్టుకెవరు కప్పారు? గ్యారేజీ గోడ పక్కన నా కరివేపాకు నన్ను మించి ఎదిగింది. ఆకంతా నల్లబడి రాలింది. మార్చిలో గడ్డి కోసేవాళ్లొచ్చి, ఒక్క మాట అడక్కుండా, చచ్చిందని వేళ్లతో సహా పెకలించేశారు. నేను గుడినుంచి వచ్చేసరికి గొయ్యి మిగిలింది. ట్రక్కు ఇంకా కదల్లేదు. అందులో పడున్న వేరు గోటితో గీకితే లోపల తెల్లగా, తడిగా ఉంది. అదేంటయ్యా అంటే, "ఇంకోటి కొనుక్కోండి మేడమ్" అన్నాడు. ఇంకోటి! పక్క వీధిలో మా స్నేహితురాలు బద్ధకించి పీకించలేదు. మేలో ఆవిడ చెట్టుకి నేల దగ్గర పిలకలొచ్చాయి.

వెనక వరుసలో ఫోన్లు చూస్తున్న అల్లుళ్లూ, మీకే చెబుతున్నా. చలికి మాడిన కరివేపాకు చెట్టు జోలికి మే నెలాఖరు దాకా వెళ్లకండి. కాండం గీకండి, పచ్చగా కనిపిస్తే బతికున్నట్టే. పైన ఎండి ఉంటే ఇంకా కింద గీకండి. నేల దాకా ఎండినా వేరునుంచి పిలకలు రావచ్చు. ఆకు లేని చెట్టు నీళ్లు పెద్దగా తాగదు. జాలిపడి రోజూ పోస్తే వేరు కుళ్లుతుంది. ఎరువూ వద్దు. చిగురు కనిపించాకే ఎండిన కొమ్మ కత్తిరించండి.

ఇండియానుంచి సూట్‌కేసులో మొక్క తెస్తామంటారేమో, ఆ పని మాత్రం చేయకండి. నిమ్మ, నారింజ చెట్లను చంపే గ్రీనింగ్ అనే తెగులు మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. కింద టెక్సాస్ దక్షిణ కొసన, రియో గ్రాండే లోయలో నిమ్మ, నారింజ తోటల మీదే బతికే రైతులున్నారు.

టైమైపోయిందని చెయ్యి ఊపుతున్నారు. వంగనారు సంగతి భోజనాల దగ్గర అడగండి. గోంగూర గింజలు తెచ్చాను, ఇంటికో పొట్లం. ఏప్రిల్ సగం దాటేదాకా విప్పకండి.