బొమ్మ కార్డు ఒకటి, రుజువు ఇంకొకటి

అందరికీ నమస్కారం అండి. మామూలుగా మన హామ్ రేడియోవాళ్ళ మధ్య 73, అంటే శుభాకాంక్షలు, అంటాం కానీ అది వెళ్ళేటప్పుడు చెప్పేది కదా, మొదట్లోనే చెప్తే మీరు లేచి వెళ్ళిపోతారేమో అని భయం.

ఇక్కడ చాలామంది కొత్తగా హామ్ లైసెన్స్ తెచ్చుకున్నవాళ్ళు. ఇంకో స్టేషన్‌తో కాంటాక్టులు బాగానే చేస్తున్నారు, కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే ఎఫ్‌టీ8 మోడ్ పెట్టుకుని కూర్చుంటే ఒక్క సాయంత్రానికే లాగ్, అంటే కాంటాక్టుల చిట్టా, నిండిపోతోంది, కానీ మరి కాంటాక్ట్ జరిగిందని ఖాయం చేసే కన్ఫర్మేషన్ సంగతేంటి అంటే "ఈక్యూఎస్ఎల్‌లో అకౌంట్ ఉందండీ" అని, ఆ కార్డుల వెబ్‌సైట్ పేరు చెప్పి అక్కడితో ఆపేస్తున్నారు. తప్పేం లేదు. కాకపోతే ఎలక్ట్రానిక్ కన్ఫర్మేషన్ అనే ఒక్క మాట కింద మనం రెండు వేరు వేరు పనులు కలిపేస్తున్నాం. మీతో మాట్లాడినందుకు సంతోషం అని అవతలివాళ్ళకి కార్డు పంపడం ఒక పని. ఆ కాంటాక్ట్ నిజంగానే జరిగింది అని ఎవరో మూడో మనిషికి, అంటే అవార్డు ఇచ్చేవాళ్ళకి, చూపించడం ఇంకో పని.

కాగితం కార్డు రోజుల్లో ఈ తేడా మనకి కనపడేది కాదు, ఎందుకంటే ఆ ఒక్క కార్డే రెండు పనులూ చేసేది. ముందువైపు బొమ్మ, కాల్‌సైన్ అంటే స్టేషన్ గుర్తింపు పేరు, వెనకవైపు తేదీ, ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ టైమ్, బ్యాండ్ అంటే ఏ ఫ్రీక్వెన్సీల గుంపు, మోడ్ అంటే ఏ పద్ధతిలో పంపారు, సిగ్నల్ రిపోర్ట్. గోడకి అంటించుకోవచ్చు, అవార్డు కావాలంటే అదే కార్డు తీసి చెకింగ్ చేసేవాళ్ళకి ఇవ్వొచ్చు, వాళ్ళు దాన్ని వెలుతురులో పెట్టి మరీ చూస్తారు, కొట్టివేతలు దిద్దుబాట్లు ఉంటే పక్కన పెట్టేస్తారు. ఇబ్బంది అంతా ఆలస్యమే. కార్డుల బ్యూరోలో వేస్తే ఒక దేశం రేడియో సొసైటీ నుంచి ఇంకో దేశం సొసైటీకి కట్టలు కట్టలుగా వెళ్తాయి కాబట్టి ఏళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదు. తొందరగా కావాలంటే డైరెక్ట్‌గా కవర్, లోపల మన అడ్రస్ రాసిన ఇంకో కవర్, తిరుగు పోస్టేజ్‌కి డాలర్ నోట్లు, వాటినే మనవాళ్ళు గ్రీన్ స్టాంపులు అంటారు. దొరకని దేశం ఒకటి దొరికితే ఇవన్నీ చేస్తాం, మామూలు కాంటాక్ట్‌కి ఎవరు చేస్తారు చెప్పండి.

ఇంటర్నెట్ వచ్చాక ఆ రెండు పనులూ విడిపోయి చెరో దారి పట్టాయి.

మొదటి దారి ఈక్యూఎస్ఎల్. 2000 నుంచి నడుస్తోంది. మీ లాగింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఏడీఐఎఫ్ ఫైల్, అంటే ఏ లాగింగ్ సాఫ్ట్‌వేర్ అయినా చదవగలిగే లాగ్ ఫైల్, తీసి అక్కడ అప్‌లోడ్ చేస్తారు, ఒక్కో కాంటాక్ట్‌కి ఒక్కో కార్డు తయారవుతుంది, మీరు ఎంచుకున్న డిజైన్ మీద కాల్, తేదీ, టైమ్, బ్యాండ్ అన్నీ పడతాయి, అవతలివాళ్ళ ఇన్‌బాక్స్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది. వాళ్ళకి అకౌంట్ లేకపోయినా ఫర్వాలేదు, వాళ్ళు ఎప్పుడో చేరితే అప్పటిదాకా ఎదురుచూస్తూ ఉంటుంది. లైసెన్స్ లేకుండా ఊరికే వినేవాళ్ళు, ఎస్‌డబ్ల్యూఎల్‌లు, వాళ్ళు కూడా మీ సిగ్నల్ విన్నాం అని కార్డు పంపొచ్చు, నాకైతే ఆ కార్డులే ఎక్కువ ఇష్టం.

మరి రుజువు సంగతి? ఇన్‌బాక్స్‌లో కార్డు తెరవగానే అవతలివాళ్ళు రాసుకున్న టైమ్, బ్యాండ్, మోడ్ అన్నీ మీ కళ్ళముందే ఉంటాయి. మీరు చెయ్యాల్సింది ఏంటంటే మీ లాగ్ పక్కన పెట్టుకుని సరిపోయిందో లేదో చూసి, ఉంటే కన్ఫర్మ్, లేకపోతే రిజెక్ట్. ఎంతమంది చూస్తున్నారు? అన్నీ సెలెక్ట్ చేసి ఒకేసారి కన్ఫర్మ్ కొట్టేసేవాళ్ళే ఎక్కువ. సైట్ వాళ్ళు దీనికి అథెంటిసిటీ గ్యారెంటీడ్ అని ఒకటి పెట్టారు, ఏజీ అంటారు, లైసెన్స్ స్కాన్ చేసి పంపితే ఇస్తారు. డబ్ల్యూఏజెడ్, డబ్ల్యూపీఎక్స్ లాంటి సీక్యూ పత్రిక అవార్డులకి ఏజీ ఉన్న ఈక్యూఎస్ఎల్‌ని ఒప్పుకున్నారు కూడా. కాబట్టి ఏజీ తప్పకుండా తీసుకోండి. కానీ గమనించండి, ఏజీ చెప్పేది ఈ కాల్‌సైన్ ఈ మనిషిదే అని, అంతవరకే. ఆ రోజు ఆ టైమ్‌కి ఆ కాంటాక్ట్ జరిగిందా అన్నది మళ్ళీ మీ నిజాయితీ, అవతలివాళ్ళ నిజాయితీ మీదే ఆధారం. అందుకే వేరు వేరు దేశాలతో కాంటాక్ట్ చేసినందుకు ఇచ్చే డీఎక్స్‌సీసీ అవార్డుకి అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ వాళ్ళు ఈక్యూఎస్ఎల్ తీసుకోరు. దీని మీద మనవాళ్ళు కోపంగా వాదిస్తారు, గుత్తాధిపత్యం అంటారు, అందులో కొంచెం నిజం ఉంటే ఉండొచ్చు, కానీ వాళ్ళ సొంత సిస్టమ్ ఎలా పనిచేస్తుందో చూస్తే అసలు కారణం అర్థమవుతుంది.

అదే రెండో దారి, లాగ్‌బుక్ ఆఫ్ ద వరల్డ్. 2003 సెప్టెంబర్‌లో మొదలైంది. ఇందులో బొమ్మ లేదు, కార్డు లేదు, చూడ్డానికి అందం అసలే లేదు. టీక్యూఎస్ఎల్ అనే ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లో వేసుకుంటారు, అది ఒక జత తాళంచెవులు తయారుచేస్తుంది, ప్రైవేట్ కీ మీ దగ్గరే ఉండిపోతుంది, పబ్లిక్ కీ వాళ్ళకి వెళ్తుంది. మీరెవరో నమ్మాలి కదా, అమెరికా స్టేషన్లకి అయితే లైసెన్స్ రికార్డులో ఉన్న అడ్రస్‌కి పోస్ట్‌కార్డ్ మీద ఒక కోడ్ పంపిస్తారు, మిగతా దేశాలవాళ్ళు లైసెన్స్ కాపీ, ఇంకో గుర్తింపు పత్రం పంపాలి. అవి చూశాక సర్టిఫికెట్ ఇస్తారు. అప్పట్నుంచి మీరు పంపే ప్రతి కాంటాక్ట్ మీదా మీ ప్రైవేట్ కీతో సంతకం పడుతుంది, దారిలో ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదు. మీ వెబ్‌సైట్ పాస్‌వర్డ్ ఎవడో కొట్టేసినా సరే ఆ కీ లేకుండా మీ పేరు మీద దొంగ కాంటాక్ట్ ఎక్కించలేడు.

దీనికన్నా నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది. అవతలివాళ్ళు మీ గురించి ఏం రాశారో లాగ్‌బుక్ ఆఫ్ ద వరల్డ్ మీకు ముందుగా చూపించదు. మీరు మీది పంపాలి, వాళ్ళు వాళ్ళది పంపాలి, రెండూ సర్వర్ దగ్గర కలిస్తేనే కన్ఫర్మ్ అయినట్టు. రెండు కాల్‌సైన్లూ సరిపోవాలి, బ్యాండ్ ఒకటే అవ్వాలి, మోడ్ ఒకటే లేదా ఒకే గుంపులోది అవ్వాలి, టైమ్ తేడా 30 నిమిషాల లోపు ఉండాలి. చూసి రాసే పరీక్ష కాదన్నమాట. సిగ్నల్ రిపోర్ట్ అసలు పోల్చదు, కాబట్టి మీరు అందరికీ 59, అంటే బ్రహ్మాండంగా వినపడుతోందని, ఇచ్చినా దానికి పట్టింపు లేదు. కాకపోతే కలవనప్పుడు ఎందుకు కలవలేదో కూడా చెప్పదు, అదే మనకి తలనొప్పి. వాళ్ళు అప్‌లోడ్ చెయ్యలేదా, మీ కాల్ తప్పుగా రాసుకున్నారా, మీ టైమ్ తప్పా, ఏదీ తెలీదు.

అందుకని తప్పులు ఎక్కడ దూరతాయో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అవి రేడియోలో కాదు, లాగ్‌లో ఉంటాయి.

టైమ్ సంగతి తీసుకోండి. ఎఫ్‌టీ8కి క్లాక్ కరెక్ట్‌గా ఉండాలని అందరికీ తెలుసు, 15 సెకన్ల స్లాట్లు, ఒకట్రెండు సెకన్లకి మించి తేడా వస్తే డీకోడ్ అవ్వడం మానేస్తుంది. దాంతో డీకోడ్ అవుతోంది కదా నా క్లాక్ బాగానే ఉంది అనుకుంటారు. కానీ కంప్యూటర్‌లో టైమ్ జోన్ తప్పుగా సెట్ అయి ఉండి, గడియారం మాత్రం మన టైమ్‌కి చేత్తో సరిచేసి ఉందనుకోండి, అప్పుడు యూటీసీ గంటల లెక్కన తప్పు, సెకన్లు మాత్రం కరెక్ట్. డీకోడ్ బ్రహ్మాండంగా అవుతుంది, కాంటాక్టులు వరసగా పడతాయి, లాగ్ మొత్తం తప్పు టైమ్‌తో తయారవుతుంది, ఒక్కటీ మ్యాచ్ అవ్వదు. వందల కాంటాక్టులు పంపినా ఒక్క కన్ఫర్మేషన్ రాలేదంటే ముందు చూడాల్సింది ఇదే.

బ్యాండ్ సంగతి కూడా ఇలాంటిదే, రేడియోకి కంప్యూటర్‌కి మధ్య క్యాట్ కేబుల్ లేకపోతే మీరు రేడియో మీద 40 మీటర్లకి మారినా సాఫ్ట్‌వేర్ ఇంకా 20 మీటర్లు అనే రాసుకుంటుంది.

ఏడీఐఎఫ్ ఫైల్‌ని చేత్తో దిద్దేవాళ్ళకి ఒక హెచ్చరిక. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మామూలు టెక్స్టే, యాంగిల్ బ్రాకెట్‌లో కాల్ అని, కోలన్, ఆ పక్కన ఒక అంకె ఉంటుంది. ఆ అంకె అలంకారం కాదు, బ్రాకెట్ మూశాక సరిగ్గా అన్ని అక్షరాలే చదవమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పే లెక్క. ఏఆర్ఆర్ఎల్ హెడ్‌క్వార్టర్స్ స్టేషన్ డబ్ల్యూ1ఏడబ్ల్యూ తీసుకోండి, ఇంగ్లీష్‌లో నాలుగు అక్షరాలు, అంకె 4. మీరు పనిచేసింది నిజానికి డబ్ల్యూ1ఏడబ్ల్యూ/4 అని గుర్తొచ్చి చివర గీత, 4 ఆ రెండూ కలిపారు, అంకె మాత్రం 4 గానే వదిలేశారు. సాఫ్ట్‌వేర్ నాలుగు అక్షరాలు చదివి ఆగిపోతుంది, ఎర్రర్ రాదు, పాత కాల్‌తోనే సంతకం పెట్టి పంపేస్తుంది, అది మ్యాచ్ అవ్వదు. వీలైతే లాగింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే సరిచేసి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

ఇంకా ఎఫ్‌టీ8లో మీరు ఆర్ఆర్73, అంటే అంతా అందింది, ఇక సెలవు అని, పంపి లాగ్ చేసేస్తారు, అది అవతలివాళ్ళకి చేరకపోతే వాళ్ళ లెక్కలో కాంటాక్ట్ పూర్తవ్వలేదు, వాళ్ళు లాగ్ చెయ్యరు. ఇందులో ఎవరి తప్పూ లేదు. వాళ్ళు మళ్ళీ రిపోర్ట్ పంపుతున్నట్టు కనపడితే విసుక్కోకుండా ఇంకోసారి ఆర్ఆర్73 ఇవ్వండి, అంతే.

టీక్యూఎస్ఎల్‌లో సర్టిఫికెట్ అడిగేటప్పుడు మొదటి కాంటాక్ట్ తేదీ అడుగుతుంది. ఇవ్వాళ్టి తేదీ పెట్టేస్తే నిన్నటిదాకా చేసినవాటికి సంతకం పెట్టదు. లైసెన్స్ వచ్చిన రోజు పెట్టండి. ఇంకో దేశం వెళ్ళి అక్కడి కాల్‌తో పనిచేస్తే దానికి వేరే సర్టిఫికెట్. సర్టిఫికెట్ గడువు మూడేళ్ళు, అది అయిపోకముందే రిన్యూవల్ పెడితే పాత సర్టిఫికెట్‌తోనే సంతకం అయిపోతుంది. బ్యాకప్ తీసి వేరే చోట దాచండి, హార్డ్ డిస్క్ పోతే కీ కూడా పోతుంది, వాళ్ళ దగ్గర దాని కాపీ ఉండదు.

వెనక నుంచి ఎవరో అంటున్నారు, "నాకు అవార్డులు వద్దండీ, ఇదంతా నాకెందుకు" అని. చాలామంది మాట ఇదే కాబట్టి కాస్త గట్టిగానే చెప్తాను. మీకు వద్దు సరే. డీఎక్స్‌సీసీ లిస్టులో 340 ఎంటిటీలు, అంటే దేశాలు, విడిగా లెక్కేసే ప్రాంతాలు, ఉన్నాయి, వందతో మొదటి సర్టిఫికెట్ వస్తుంది, ఎక్కడో చిన్న యాంటెనా, తక్కువ పవర్‌తో తంటాలు పడుతూ తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయినవాడికి ఆ వందోది మీరే కావచ్చు. లేదా వేరే అవార్డుకి వాడికి కావాల్సింది మీ గ్రిడ్ స్క్వేర్ అంటే మ్యాప్‌లో మీ గడి, మీ ప్రిఫిక్స్ అంటే కాల్‌సైన్ మొదటి భాగం, ఆ బ్యాండ్ మీద మీ జోన్ కావచ్చు. మీ లాగ్ మీ కంప్యూటర్‌లోనే పడుంటే వాడి కాంటాక్ట్ ఎప్పటికీ సగమే, పైగా నేను చెప్పానుగా, ఎందుకు కలవలేదో వాడికి తెలిసే దారి కూడా లేదు. లాగింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి సెట్ చేసుకుంటే రెండు చోట్లకీ దానంతట అదే వెళ్తుంది, మీకు పడే శ్రమ ఏమీ లేదు.

అలాగని సర్వర్ మీద ఉంది కదా అని మీ లాగ్ పారెయ్యకండి. 2024 మేలో ఏఆర్ఆర్ఎల్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు లాగ్‌బుక్ ఆఫ్ ద వరల్డ్ ఆగిపోయి మళ్ళీ జూలై 1కి గానీ రాలేదు. అసలు లాగ్ ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి.

కాగితం కార్డు మానెయ్యమని నేనేం అనట్లేదు, నేనూ ప్రింట్ చేయిస్తాను, మంచి కార్డు వస్తే అందరికీ చూపిస్తాను. ఈక్యూఎస్ఎల్ డిజైన్లలో కూడా కొన్ని చాలా బాగుంటాయి, కొన్ని మాత్రం అక్షరాలు కనపడనంత రంగులు నింపేస్తారు, దయచేసి కాల్‌సైన్ చదవడానికి వీలుగా పెట్టండి.

సరే, లాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్ళు లాగింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి మొన్న చేసిన ఏదో ఒక కాంటాక్ట్ టైమ్ చూడండి, పక్కనే యూటీసీ ఎంతో స్క్రీన్ మీద పెడుతున్నాను, తేడా ఉన్నవాళ్ళు ముందు వరసలోకి రండి, వాళ్ళది మొదట సరిచేసి తర్వాత టీక్యూఎస్ఎల్ ఇన్‌స్టాల్ చేద్దాం.