జ్వరమొచ్చిందని రెండో సూది ఆపుతరా?

[స్క్రీన్ మీద: తల్లీబిడ్డల ఎంసీపీ కార్డు, టీకాల పేజీ. 6 వారాల గడిల తేదీ ఉంది. 10 వారాల గడి ఖాళీ.]

నమస్తే. ఇగో, ఈ ఖాళీ గడి గురించే ఇయ్యాల్టి వీడియో.

6 వారాలకు మంచిగ ఏపిస్తరు. ఆ రాత్రి బిడ్డకు జ్వరమొస్తది, తొడ వాస్తది, ఇల్లంత జాగారం. తెల్లారి ఇంట్ల పెద్దామె తీర్పు చెప్తది: "మన పోరనికి సూది పడలే, ఇంకోటి వద్దు." గంతే. 10 వారాలది పాయె, 14 వారాలది పాయె. వీళ్లు టీకాలంటే గిట్టనోళ్లు కాదు, పుట్టంగనే బీసీజీ (టీబీ టీకా) ఏపిచ్చినోళ్లే. టీకా ఎందుకని వీళ్లకు పాఠం చెప్పే పని లేదు. ఆ జ్వరం ఏందో చెప్తే చాలు.

వరంగల్‌ల ఉండి చెరువు పేరు ఎత్తకపోతే ఎట్ల? చెరువు కట్టతోనే చెప్త. కట్ట మట్టిని ఒక్కసారే కుప్ప పోస్తే నిలవది. ఒక పొర పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతోని కొడ్తరు. అది గట్టిపడ్డంక ఇంకో పొర. 6, 10, 14 వారాలకేసే పెంటావాలెంట్ (పెంటా) సూది మూడు డోసులంటే ఆ మూడు పొరలే. జ్వరమంటే దిమ్మిస చప్పుడు, లోపల పని నడుస్తున్నదన్నట్టు. కొందరు పిల్లలకు చప్పుడే రాదు, అయినా కట్ట పడ్తది. "జ్వరం రాలే, సూది పనిచెయ్యలేదా" అని కొందరు దీన్ని ఉల్టా అడుగుతరు, వాళ్లకూ ఇదే జవాబు.

ఇంతకు ఆ చప్పుడు ఎక్కడిది? పెంటాల ఐదు జబ్బుల టీకాలుంటయి: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, ఇంకా న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే హిబ్. ఇండ్ల కోరింత దగ్గు భాగం, చంపిన బ్యాక్టీరియాను మొత్తంగ పెట్టి చేసింది. జ్వరం ఎక్కువగ దాంతోనే వస్తది. ప్రైవేటుల "పెయిన్‌లెస్" అని అమ్మేదాంట్ల ఆ బ్యాక్టీరియా ముక్కలు కొన్నే ఉంటయి, అందుకే జ్వరం తక్కువ. సూది మాత్రం అదే సూది, గుచ్చితే గుచ్చినట్టే ఉంటది. పేరు పెట్టినోడు తెలివిగల్లోడు. పైసలుంటే ఏపిచ్చుకోండి, కాని సర్కారు టీకా తక్కువదని మాత్రం అనుకోకండి.

మళ్ల కట్ట దగ్గరికొద్దాం. 6, 10, 14 వారాలు, మధ్యల 4 వారాలు ఎందుకు? కింది పొర ఆరకముందే పైపొర పోస్తే రెండూ జారుతయి. అందుకే 28 రోజులకంటె ముందు ఎయ్యరు. మరి ఆలస్యమైతే? రెండు నెలలు పని ఆగిందని పోసిన మట్టి తవ్వి పారేస్తమా? ఆగిన కాడికెల్లి పోస్తం. డోసు ఎంత లేటయినా మొదటికెల్లి మొదలుపెట్టే పని లేదు. "లేటయింది, ఏఎన్ఎం తిడ్తది" అని పోకుండ ఉండేటోళ్లున్నరు. తిడితె తిట్టనియ్యండి, సూది మాత్రం ఏపియ్యండి.

కట్ట పూర్తయ్యేదాక బిడ్డను కాపాడేది ఏంది? కడుపుల ఉన్నప్పుడు తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు, అంటే రోగంతోని కొట్లాడే రక్షణ కణికలు. అవి ఇసుక బస్తాల లెక్క, కొన్ని నెలలల్ల కొట్టుకపోతయి. కోరింత దగ్గుకు బస్తాలు అంత బలమైనయి కావు. ఆ జబ్బు ప్రాణం తీసేది ఎక్కువగ మొదటి నెలల పిల్లలనే. దగ్గలేక, ఊపిరి ఆగి నీలం పడ్తరు. 6 వారాలకే మొదలుపెట్టేది అందుకు. తట్టుకు ఉల్టా: బస్తాలు చాన రోజులుంటయి, ముందే ఏస్తే టీకాలున్న బతికున్న వైరస్‌ను ఆ బస్తాలే ఆపేస్తయి. కాబట్టి ఎంఆర్ టీకా (తట్టు, రుబెల్లాలది) 9 నెలలు నిండినంక. కార్డు మీది తేదీలకు ఇంత లెక్కుంది.

[స్క్రీన్ మీద: బిడ్డ బొమ్మ. రెండు తొడలు, కుడి భుజం మీద గుర్తులు.]

6 వారాల నాడు జరిగేది: ఎడమ తొడకు పెంటా, కుడి తొడకు న్యుమోనియా టీకా పీసీవీ, కుడి భుజానికి చర్మంల పోలియో సూది ఐపీవీ, అది 0.1 మి.లీ. మాత్రమే. నోట్లె రెండు చుక్కలు పోలియో, ఇంకా విరేచనాలు తెచ్చే వైరస్‌కు రోటా. మూడు సూదులని భయపడి "ఒకటి ఇయ్యాల, ఒకటి వచ్చే వారం" అని అడగకండి. ఏడుపు మూడు దినాలకు పంచినట్టయితది గంతే. 10 వారాలకు ఒక్కటే సూది. 14కు మళ్ల మూడు. పాలు ముందు తాపొచ్చు, తర్వాత తాపొచ్చు. అరగంట అక్కడనే కూసోవాలె. ఎలర్జీ వచ్చేదుంటే ఎక్కువగ అప్పుడే వస్తది, మందు వాళ్ల దగ్గరనే ఉంటది.

ఇంటికొచ్చినంక తొడ మీద చల్లటి తడిబట్ట ఎయ్యండి. రుద్దొద్దు, కాపడం పెట్టొద్దు, పసుపు రాయొద్దు. లోపల చిన్న గడ్డ లెక్క తాకుతది, నొప్పి లేకపోతే అది కొన్ని వారాలల్ల దానంతటదే కరుగుతది.

జ్వరానికి పారాసిటమాల్. ఇక్కడ జర ఆగి వినండి, గడబిడయ్యేది ఇక్కడనే.

[స్క్రీన్ మీద: రెండు సీసాలు పక్కపక్కన. లేబుల్ దగ్గరగ.]

రెండింటి మీద పేరు ఒక్కటే. చుక్కల సీసా మీద 1 మి.లీ.కి 100 మి.గ్రా. అని ఉంటది. సిరప్ మీద 5 మి.లీ.కి 125 మి.గ్రా. అంటే చుక్కల మందు నాలుగింతలు చిక్కన. సిరప్ కొలత యాదికుంచుకొని చుక్కల మందు పోస్తే డోసు నాలుగింతలయితది. కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. లెక్క. 5 కిలోల బిడ్డకు 50 నుంచి 75 మి.గ్రా.: చుక్కల మందైతే అర నుంచి ముప్పావు మి.లీ., ఆ సిరప్ అయితే 2 నుంచి 3 మి.లీ. మీ చేతిల ఉన్న సీసానే ఏఎన్ఎంకు చూపిచ్చి, ఎంత పొయ్యాలెనో కార్డు మీద రాయించుకోండి. మళ్ల పొయ్యాలెనంటే కనీసం 6 గంటలు ఆగాలె. జ్వరం రాకముందే పొయ్యొద్దు.

మామూలుగ ఒకటి రెండు రోజులల్ల తగ్గుతది. రెండు రోజులు దాటినా తగ్గకున్నా, మూడు గంటలకు పైన ఆపకుండ ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ మెత్తబడి పాలు పట్టకున్నా దవాఖానకు పోవాలె. ఫిట్స్ గాని, పెద్ద ఎలర్జీ గాని వస్తే తర్వాతి డోసు ముందు డాక్టర్‌కు చెప్పాలె. అప్పుడు "పడలే" అన్న మాట నిజంగ ఆలోచించేదే. ఉత్త జ్వరానికి కాదు.

టైం అయిపోతున్నది, గబగబ చెప్త.

జలుబు, చిన్న దగ్గు, కొద్దిగ మోషన్స్ ఉంటే టీకా ఆపరు. ఒళ్లు కాలిపోయే జ్వరముంటే తగ్గినంక ఎయ్యిస్తరు.

బీసీజీ ఏసిన ఎడమ భుజం మీద రెండు మూడు వారాలకు పొక్కు లేస్తది, పగిలి మచ్చ పడ్తది. ఏమీ రాయకండి.

తల్లిగారింట్ల 6 వారాలది ఏపిచ్చి, తొట్లె చేసుకొని, అత్తగారింటికొచ్చేటప్పుడు కార్డు అక్కడనే మర్చిపోతరు. బట్టల సంచిల అన్నిటికంటె ముందు కార్డు పెట్టండి. ఫోటో తీసి ఇద్దరి ఫోన్లల్ల ఉంచండి. సర్కారు ఆన్‌లైన్ టీకాల రికార్డు యూ-విన్‌ల పేరు ఎక్కిచ్చుకుంటే ఏ ఊర్ల ఏపిచ్చినా లెక్క దొరుకుతది. ఏ ఊరికొచ్చినా ముందు ఆశమ్మకు చెప్పండి, టీకాలు ఏ దినమో ఎక్కడనో ఆమెకు తెలుసు.

ఇంకొకటి, మనయి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు తెగితే కింది దాని మీద పడ్తది. తట్టు టీకా ఇంకా పడని 5 నెలల పాప కింది చెరువు. తట్టు ఆగాలెనంటే నూటికి 95 మందికి రెండు డోసులు పడాలె. ఆ రెండో డోసు 16 నుంచి 24 నెలల మధ్యల, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టర్‌తోని కలిపి. పిల్లలు నడుస్తున్నరు, ఇంకేం టీకాలని మర్చిపోయేది దీన్నే. మీ ఇంట్ల రెండేండ్ల లోపు పిల్లలుంటే వీడియో ఆపి, కార్డు తీసి ఆ గడి చూడండి.