రేవు ఎవరిది, పాట ఎవరిది

శ్రోతలకు నమస్కారం.

రైలు కదిలితే రెండు నిమిషాల్లో స్టేషను కనుమరుగైపోతుంది. ఓడ అలా కాదు. తాళ్ళు విప్పాక కూడా ఒడ్డు చాలాసేపు కనిపిస్తూనే ఉంటుంది. చెయ్యి ఊపినవాళ్ళకి మళ్ళీ ఊపాలా, లోపలికి వెళ్ళిపోవాలా, ఏమీ తోచదు. ఆ గంటసేపటి కోసమే బ్యాండు మేళాలు, పాటలు, రంగు కాగితాలు వచ్చి చేరాయి. వెనకటి రోజుల్లో సిడ్నీ, యొకొహామా లాంటి రేవుల్లో పొడుగాటి రంగు కాగితాల చుట్టలు విసురుకునేవారు. ఒక కొస ఓడ మీదవాళ్ళ చేతిలో, రెండో కొస ఒడ్డున నిలబడ్డవాళ్ళ చేతిలో. ఓడ జరుగుతున్న కొద్దీ కాగితం బిగుసుకునేది, బిగుసుకుని పుటుక్కున తెగేది. తెగాక కూడా చేతిలో మిగిలిన ముక్కని చాలామంది వదిలేవారు కాదట.

ఇప్పుడు ఆ కాగితాలు లేవు. కానీ ఓడ కదిలే గంటకి వేడుక మాత్రం ఉంది. అందులో ఒక రకం వేడుక గురించే ఇవాళ చెప్పదలచుకున్నాను. అది దేశభక్తి వేడుక. పై డెక్కు మీద జనం చేరి, చేతుల్లో చిన్న చిన్న జెండాలు పట్టుకుని, తమ దేశం పాటలు పాడుకుంటూ రేవు దాటడం.

దీన్ని బాగా పెంచి పోషించినవాళ్ళు బ్రిటిష్‌వాళ్ళు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవు నుంచి తిరిగే పి అండ్ ఓ అనే కంపెనీ విహార ఓడల్లో దీనికి గ్రేట్ బ్రిటిష్ సెయిలవే, అంటే ఓడ కదిలే వేళ బ్రిటిష్ వేడుక, అని పేరే ఉంది. పాడే పాటలు చాలావరకు లండన్‌లో ఏటా జరిగే ప్రామ్స్ అనే సంగీత కచేరీల చివరి రాత్రి పాడేవే. ఆ కచేరీలు 1895లో మొదలయ్యాయి. ఆఖరి రాత్రి రాయల్ ఆల్బర్ట్ హాలు నిండా జెండాలు ఊగుతాయి, హాలంతా లేచి గొంతు కలుపుతుంది. "రూల్ బ్రిటానియా" 1740 నాటిది. "లాండ్ ఆఫ్ హోప్ అండ్ గ్లోరీ"కి బాణీ ఇంగ్లండు స్వరకర్త ఎల్గార్‌ది, 1901 నాటిది. మాటలు ఆ మరుసటి ఏడు ఎ.సి. బెన్సన్ అనే కవి రాశాడు. అవే పాటలు, అవే జెండాలు. కాకపోతే ఇక్కడ హాలు బదులు ఈత కొలను పక్కన డెక్కు.

మా అమ్మాయి కుటుంబంతో కలిసి అలాంటి బ్రిటిష్ ఓడ ఒకటి ఎక్కాను. నార్వేలో స్టావంజర్ అనే ఊరు నుంచి సాయంత్రం బయలుదేరుతున్నాం. ఆ ఊరిని చూస్తే మీకు నచ్చుతుంది. రేవుని ఆనుకునే పాత పేట ఉంటుంది. అన్నీ తెల్లటి చెక్క ఇళ్ళు, కిటికీల ముందు పూలకుండీలు, రాళ్ళు పరిచిన సన్నటి వీధులు. మన ఓడ ఆ ఇళ్ళ మీదికి వంగి చూస్తున్నంత ఎత్తుగా నిలబడి ఉంటుంది. డెక్కు మీదనుంచి చూస్తే వాళ్ళ పెరళ్ళు కనిపిస్తాయి.

పై డెక్కు కిక్కిరిసి ఉంది. సిబ్బంది బుట్టలతో జెండాలు పంచారు. సన్నటి పుల్లకి అంటించిన కాగితం జెండాలు. మైకు పట్టుకున్న కుర్రాడు పాట ఎత్తుకోగానే వందల గొంతులు అందుకున్నాయి. మా మనవడికి పాట రాకపోయినా రెండు చేతుల్లో రెండు జెండాలు పట్టుకుని ఎగురుతున్నాడు. నేను రెయిలింగు దగ్గరికి జరిగాను. అక్కడ ఒక పెద్దాయన సముద్రం వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. చేతిలో జెండా లేదు. నన్ను చూసి, "మీకూ గోలగా ఉందా?" అని అడిగాడు. "లేదండీ, చూస్తున్నాను" అన్నాను.

"నాది వేల్స్," అన్నాడాయన. "ఆ జెండాలో మా వాటా ఏదో చూపించండి."

నిజమే. వేల్స్ కూడా బ్రిటన్‌లో భాగమే. కానీ బ్రిటన్ వాళ్ళ యూనియన్ జెండాలో ఇంగ్లండు శిలువ ఉంది, స్కాట్లండు శిలువ ఉంది, 1801లో ఐర్లండు శిలువ కూడా చేరింది. వేల్స్‌ది ఏమీ లేదు. వేల్స్‌వాళ్ళ ఎర్ర డ్రాగన్‌కి అందులో చోటు దొరకలేదు. ఆయన ఆ మాట కోపంగా అనలేదు. ఎన్నోసార్లు చెప్పి అలవాటైపోయినట్టు అన్నాడు.

ఇంతలో ఆయన భార్య వచ్చింది. బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి, గొంతు బొంగురుపోయింది, చేతిసంచీకి ఒక జెండా గుచ్చి ఉంది. "ఈయన మాటలు పట్టించుకోకండి, మా పెళ్ళయినప్పటి నుంచీ ఇంతే" అంటూ చేతిలో ఉన్న మరో జెండా నాకిచ్చింది. ఆవిడ ఇంగ్లండు మనిషి. వాళ్ళ నాన్న ఓడలు కట్టే యార్డులో పనివాడట. ప్రామ్స్ ఆఖరి రాత్రి ఇంట్లో రేడియో పెట్టి, ఆయన పాటకి లేచి నిలబడేవాడట. "ఈ పాట వస్తే నాకు మా నాన్న చొక్కా వాసన వస్తుంది" అందావిడ. ఆ మాట అంటున్నప్పుడు కళ్ళు తడి అయ్యాయి. ఆయన ఏమీ మాట్లాడకుండా ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. పాట పాడలేదు. పాడొద్దనీ అనలేదు.

ఆ ఇద్దరినీ చూశాక నాకు అనిపించింది, అభిరుచులు వేరు అంటే ఈ దేశం వేరు ఆ దేశం వేరు అని కాదు. ఒకే మంచం, ఒకే క్యాబిన్, ఒకే టికెట్ పంచుకున్న ఇద్దరికీ వేరుగానే ఉంటాయి.

మరి నా సంగతి. ఆ ఎల్గార్ పాటలో ఒక చోట ఇలా వస్తుంది: నీ హద్దులు ఇంకా ఇంకా విశాలంగా పరుచుకోవాలి, నిన్ను బలవంతురాలిని చేసిన దేవుడు నిన్ను మరింత బలవంతురాలిని చేయాలి. మాది బందరు. 1611లోనే ఈస్టిండియా కంపెనీ ఓడ మచిలీపట్నం రేవుకి వచ్చి వర్తక స్థావరం పెట్టుకుంది. ఆ విశాలమైన హద్దులు మా ఊరిదాకా వచ్చాయి. మా తాతలు ఆ హద్దుల లోపలే పుట్టి, ఆ హద్దుల లోపలే పోయారు. మన జెండాకి రూపం దిద్దిన పింగళి వెంకయ్యగారి భట్లపెనుమర్రు బందరుకి ఎంతో దూరం లేదు. అలాంటి ఊరి మనిషిని ఆ పాటకి గొంతు ఎలా కలుపుతాను? కలపలేదు. కానీ ఆవిడ ఇచ్చిన జెండా కాదనలేదు. చేతిలో పట్టుకుని నిలబడ్డాను, ఊపలేదు. ఆవిడ తన నాన్నని తలుచుకుంటోంది, సామ్రాజ్యాన్ని కాదు. ఆ తేడా నాకు కళ్ళ ముందే కనిపిస్తోంది.

ఆ పాటల మీద వాళ్ళ దేశంలోనే పెద్ద చర్చ జరిగింది. 2020లో బీబీసీ ఆ రెండు పాటల్నీ మాటలు లేకుండా వాద్యాలతోనే వినిపిద్దామనుకుంది. జనం గగ్గోలు పెడితే నిర్ణయం మార్చుకుని పాడించింది. బ్రిటన్‌వాళ్ళు ఎన్నటికీ బానిసలు కారు అని పాడే "రూల్ బ్రిటానియా" పుట్టిన రోజుల్లో బ్రిటిష్ ఓడలే ఆఫ్రికా మనుషుల్ని బానిసలుగా మోసుకెళ్ళాయి. 1807దాకా ఆ వ్యాపారం చట్టబద్ధమే. ఆ పాట పాడలేనివాళ్ళ బాధా నిజమే, పాడకుండా ఉండలేనివాళ్ళ ప్రేమా నిజమే.

ఇప్పుడు నేను చూసిన రెండో సంగతి. తల పైకెత్తి ఓడ మీది పొడుగాటి స్తంభం, మాస్టు వైపు చూశాను. అక్కడ కుడివైపున నార్వే జెండా ఎగురుతోంది. ఓడ పరాయి రేవులోకి వెళ్తే ఆ దేశం జెండాని మాస్టు మీద ఎగరేయడం సముద్రంలో పాత మర్యాద. మీ ఇంటికి వచ్చాం, మీ పెద్దరికం ఒప్పుకుంటున్నాం అని చెప్పడం. పైన ఆ మర్యాద, కింద మా డెక్కు మీద వందల బ్రిటిష్ జెండాలు, మైకులో అలల మీద ఏలుబడి గురించిన పాట. ఒడ్డున తెల్ల ఇంట్లో ఒకావిడ పూలకుండీలకి నీళ్ళు పోస్తోంది. ఒకసారి తలెత్తి మా వైపు చూసింది. మళ్ళీ వంగి నీళ్ళు పోసుకుంది.

రేవు ఎవరిది? నాకు ఆ ప్రశ్నే మిగిలింది. సౌతాంప్టన్‌లో పాడండి, గొంతు చించుకుని పాడండి, అది మీ రేవు, ఒడ్డున మీవాళ్ళే ఉంటారు. స్టావంజర్‌లో అదే పాట వేరే పాట అయిపోతుంది. రేవు ఎవరిది? ఆ పూలకుండీల ఆవిడది. కాస్త ఆగి, ఓడ ఊరు దాటి నీళ్ళు వెడల్పయ్యాక మైకు అందుకుంటే ఏం పోయింది? నడిసముద్రంలో రేవు ఎవరిదీ కాదు. నా అభిప్రాయం అంతే.

ఆ నార్వేవాళ్ళకీ దేశపు పండుగ ఉంది. 1814లో రాజ్యాంగం రాసుకున్న రోజు, మే 17. ఆ రోజు వీధుల్లో ముందు నడిచేది సైన్యం కాదు, బడిపిల్లలు. చేతిలో జెండాలు, బ్యాండు మేళం. అమెరికా ఓడల్లో జులై 4న డెక్కు అంతా ఎరుపు, తెలుపు, నీలం అయిపోతుంది. ఆస్ట్రేలియా పండుగ జనవరి 26. మన గణతంత్ర దినం రోజే. 1788లో సిడ్నీ తీరాన బ్రిటిష్ జెండా పాతిన రోజది. అందుకే అక్కడి ఆదివాసులకి అది పండుగ కాదు, దుఃఖం.

డెక్కు మీద పాట అయిపోయాక ఒక కుర్రాడు చీపురు, సంచీ పట్టుకుని వచ్చాడు. మా అమ్మాయితో నేను తెలుగులో మాట్లాడుతుంటే విని ఆగాడు. సోంపేట దగ్గరి పల్లెటూరు వాళ్ళది. "అమ్మా, మీది ఏ ఊరు?" అని అడిగి, మాట్లాడుతూనే కుర్చీల కింద పడ్డ జెండాలు ఏరుతున్నాడు. "గాలికి సముద్రంలోకి పోతాయమ్మా. ఒక్కటి పోయినా మాకే మాట వస్తాది" అన్నాడు. వాళ్ళందరూ ఆ పాటలు పాడుతున్నప్పుడు నీకేమనిపిస్తుంది బాబూ అని అడిగాను. "పాట ఎంత పెద్దదైతే ఏరుడు అంత పెద్దదమ్మా" అని నవ్వాడు. నా చేతిలో జెండా తీసి అతని సంచీలో నేనే జాగ్రత్తగా పెట్టాను. అది నా దేశం జెండా కాకపోవచ్చు, ఎవరో ఒకరికి వాళ్ళ నాన్న.

ఇదంతా మనకెందుకు అంటారా? మనవాళ్ళూ ఓడలెక్కుతున్నారు. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ వారి ఎంప్రెస్ అనే విహార ఓడ విశాఖ రేవుకి వచ్చింది. 2023లో విశాఖలో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూజ్ టెర్మినల్ తెరిచారు. రేపెప్పుడైనా ఆగస్టు 15న మన డెక్కు మీదా జెండాలు ఊగుతాయి. ఊగాలి కూడా. మన జాతీయగీతం 52 సెకన్లు. ఆ 52 సెకన్లూ అందరం నిటారుగా నిలబడదాం. ఆ తర్వాత రెండు గంటల డీజే మాత్రం అందరి మీదా రుద్దొద్దు. పక్కన ఒక పెద్దావిడ సూర్యాస్తమయం చూద్దామని కూర్చుని ఉండొచ్చు, నిద్ర పట్టని పసిపిల్ల తల్లి ఉండొచ్చు. పాట ఆగాక కాగితం జెండాలు నేల మీద పారేయకూడదని మన జెండా నియమావళే చెబుతోంది. ప్లాస్టిక్ జెండా అయితే అసలు వద్దు. సముద్రంలో ప్లాస్టిక్ ఏ ముక్కా పడేయకూడదని అంతర్జాతీయ నిబంధన ఉంది.

సమయం దగ్గరపడింది. వెళ్ళేవాళ్ళకి పనికొచ్చే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. ఓడలో మర్నాటి కార్యక్రమాలు ముందురోజే తెలుస్తాయి, కాగితం మీదో, ఫోన్‌లోనో. డెక్కు వేడుక ఎక్కడ, ఎన్ని గంటలకి అన్నది అందులో ఉంటుంది. ఇష్టమున్నవాళ్ళు కాస్త ముందే వెళ్ళి చోటు చూసుకోండి. ఇష్టం లేనివాళ్ళు కింద ఓడ చుట్టూ నడిచే డెక్కు ఉంటే అక్కడికి వెళ్ళండి. రేవు అక్కడినుంచీ కనిపిస్తుంది, మైకు అంతగా వినిపించదు. అన్నిటికంటే ముఖ్యం క్యాబిన్. ఈత కొలను ఉన్న డెక్కుకి సరిగ్గా కింద ఉన్న క్యాబిన్ తీసుకుంటే పాటలు, కుర్చీలు ఈడ్చే చప్పుడు నెత్తి మీదే. పాట ఆగినా ఆ కుర్చీలు ఆగవు, తెల్లారకముందే మళ్ళీ సర్దుతారు. టికెట్ కొనేటప్పుడే డెక్కు ప్లాను అడిగి తీసుకోండి. మీ గది నంబరు మీద వేలు పెట్టి, దాని పై అంతస్తులో ఏముందో, కింది అంతస్తులో ఏముందో చూడండి. పైనా కిందా కూడా క్యాబిన్లే ఉన్న గది అడగండి.

సెలవు.