అతికించిన వేలికి ఇంట్లో కాపలా

యాంకర్: లైన్లో ఉన్నారా అమ్మా? చెప్పండి, సిస్టర్ వింటున్నారు.

కాలర్: నమస్కారమండీ. మెషిన్‌లో పడి మా ఆయన చూపుడు వేలు తెగిపోయింది. ఆపరేషన్ చేసి అతికించారు. పన్నెండు రోజులైంది, మొన్ననే ఇంటికి పంపారు. గిచ్చినా తెలియట్లేదంటున్నారు. వేలు నిలబడదేమోనని ఒకటే టెన్షన్.

సిస్టర్: ముందు ఆ గిచ్చడం మానెయ్యమనండి! రక్తనాళం కలిపితే రక్తం అప్పుడే పారుతుంది. నరం అలా కాదమ్మా. కుట్టిన చోటు నుంచి వేలి కొస దాకా మళ్ళీ పెరుగుతూ పోవాలి, అదీ రోజుకి సుమారు 1 మిల్లీమీటరు. ఇప్పుడు స్పర్శ లేకపోవడం మామూలే. రంగెలా ఉంది?

కాలర్: గులాబీగానే ఉందండీ. కాస్త వాచింది.

సిస్టర్: గోరు మీద మెల్లగా నొక్కి వదలండి. తెల్లబడి, రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. వేలు పాలిపోయి చల్లబడిందంటే రక్తం అందట్లేదు. నీలంగా ఉబ్బి, నొక్కి వదలగానే రంగు టక్కున వచ్చేస్తుంటే, వెళ్ళిన రక్తం వెనక్కి రావట్లేదు. ఏది కనిపించినా అర్ధరాత్రైనా సరే బయల్దేరండి. పొద్దున చూద్దాంలే అనుకోకండి.

కాలర్: చెయ్యి ఎలా పెట్టుకోవాలండీ?

సిస్టర్: దిండు మీద, గుండె ఎత్తులో. కిందికి వేలాడదీస్తే వాపు పెరుగుతుంది. వెచ్చగా ఉంచండి, కానీ వేడినీళ్ళ బ్యాగ్ మాత్రం వద్దు. స్పర్శ లేదు కదా, కాలినా తెలియదు. ఇచ్చిన మందులు డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు.

కాలర్: ఇంకోటండీ... చెప్పొచ్చో లేదో. సిగరెట్ మానలేకపోతున్నారు. బాల్కనీలోకి వెళ్ళి...

సిస్టర్: అసలు సంగతి ఇప్పుడొచ్చింది. ఆ వేలికి రక్తం తీసుకెళ్ళే నాళం ఎంతుంటుందనుకున్నారు? 1 మిల్లీమీటరుకి అటూ ఇటూ. డాక్టర్లు మైక్రోస్కోప్‌లో చూస్తూ కుట్టింది దాన్నే. నికోటిన్ పడితే అది ముడుచుకుపోతుంది. పక్కన కూర్చుని ఇంకొకరు తాగినా ముప్పే. కాఫీ, టీల సంగతి కూడా మీ డాక్టర్ని అడగండి, చాలామంది కొన్ని వారాలు ఆపమంటారు.

కాలర్: మరి వేలు ఎప్పుడు కదిలించాలి?

సిస్టర్: లోపల ఎముకకి తీగ వేసి ఉంటారు, కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటి స్నాయువుకి కుట్లు కూడా ఉంటాయి. మీరు వంచకండి, మసాజ్ అసలే వద్దు. ఎప్పుడు, ఎంత వంచాలో థెరపిస్ట్ చెప్తారు. భుజం, మోచెయ్యి మాత్రం ఇప్పటినుంచే కదుపుతూ ఉండాలి, లేకపోతే అవీ బిగుసుకుపోతాయి. స్పర్శ వస్తున్నప్పుడు జిల్లుమంటుంది, కరెంట్ కొట్టినట్టుంటుంది. కంగారు పడొద్దు. చలికి లాగడం ఏడాది, రెండేళ్ళు కూడా ఉండొచ్చు.

కాలర్: కట్టు మార్చేటప్పుడు ఆయన అటు చూడరండీ. మొహం తిప్పేసుకుంటారు.

సిస్టర్: చాలామంది అంతేనమ్మా. బలవంతం చెయ్యకండి, రోజూ ఒక్కసారి చూడమనండి చాలు. ముందుముందు స్పర్శ తిరిగొస్తున్నప్పుడు, తాకింది ఏంటో వేలికి మళ్ళీ నేర్పించాలి, అప్పుడు ఆ కళ్ళే సాయం చెయ్యాలి. ఇప్పుడాయన ఎక్కడున్నారు?

కాలర్: ఇక్కడే ఉన్నారండీ, అన్నీ వింటున్నారు.

సిస్టర్: అలాగా. అయితే ఫోన్ ఆయనకివ్వండి.