పక్క మంచం మీద మనిషి

అందరికీ నమస్కారం.

2019 జనవరి చివర్లో ఈ అమెరికాలోని తెలుగువాళ్లు పడ్డ టెన్షన్ మీకు గుర్తుండే ఉంటుంది. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి పెట్టి, గుర్తింపు ఉన్న కాలేజీల జాబితాలో పేరు చూపించి, వేల డాలర్ల ఫీజులు కట్టించుకున్నది ఇమ్మిగ్రేషన్ అధికారులే. క్లాసుల్లేవు, మాస్టార్లు లేరు. చేరినవాళ్లను మాత్రం అరెస్టు చేశారు. మొదట పట్టుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు. వాళ్లలో చాలామంది మన తెలుగు పిల్లలే. ఆ విద్యార్థులు ప్రభుత్వం మీద దావా వేయవచ్చని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2024లో గానీ చెప్పలేదు.

అప్పుడు మన సంఘాలు పరుగున వెళ్లి లాయర్లను పెట్టాయి. మంచి పని. కానీ "చదువుకున్న పిల్లల్ని తీసుకెళ్లి నిర్బంధ కేంద్రాల్లో ఆ వలస కూలీల మధ్య పడేశారే" అన్నవాళ్లూ మనలో ఉన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పక్క మంచం మీదున్న గ్వాటెమాలా దేశపు మనిషి మాత్రం ఏం నేరం చేశాడు? వలస నిర్బంధం శిక్ష కాదు, సివిల్ వ్యవహారం అని ఈ దేశపు చట్టమే అంటుంది. మరి కౌంటీ జైల్లో ఎందుకు పెట్టాలి? విచారణకు ఇంటి నుంచి వస్తారు కదా! డబ్బు లేనివాడికి ప్రభుత్వం లాయరునివ్వదు. దొంగతనం చేసి శిక్ష పడ్డవాడికైనా విడుదల తేదీ తెలుస్తుంది, వీళ్లకు అదీ తెలియదు. ఈ పద్ధతే పోవాలి. మనవాళ్ల కోసం ఒక మినహాయింపు దొరికితే చాలదు.

అది పోయేదాకా లోపలున్నవాళ్లను ఒంటరిగా వదలకూడదు. మనిషిని పట్టుకెళ్లగానే ఎక్కడ ఉంచారో వెతకాలి. ఇమ్మిగ్రేషన్ అధికారుల వెబ్‌సైట్‌లో పేరుతో వెతికితే, రికార్డుల్లో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా కొట్టాలి. మనకేమో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, ఇంట్లో పిలిచే పేరు ఇంకొకటి. పాస్‌పోర్టులో ఒక పేరు గడి ఖాళీ. ఊళ్లో అమ్మానాన్నలు రాత్రంతా వెతికినా మనిషి దొరకడు. ఏ-నంబరు, అంటే ఇమ్మిగ్రేషన్ వాళ్లు మనిషికి ఇచ్చే ఫైలు నంబరు, ఉంటే వెతకడం తేలిక. ఆ నంబరు ఇంట్లో ఇంకొకరి దగ్గర కూడా రాసి ఉంచండి.

ఇక బాండు, అంటే కేసు తేలేదాకా మనిషిని బయటికి తెచ్చుకోవడానికి కట్టే పూచీకత్తు డబ్బు. కనీసం 1,500 డాలర్లు, చాలాసార్లు అంతకు ఎన్నో రెట్లు. చట్టబద్ధమైన హోదా ఉన్న మనిషే కట్టాలి. లోపలివాడి చుట్టాలకు చాలామందికి అది ఉండదు, ఈ హాల్లో ఉన్న మనకు ఉంది. బయట బల్ల మీద రిజిస్టరు పెట్టాం. బాండుకు నిలబడగలిగినవాళ్లు, ములాఖత్‌కు వెళ్లగలిగినవాళ్లు, స్పానిష్ వచ్చినవాళ్లు పేరు, ఫోను నంబరు రాసి వెళ్లండి.