ఈ రాత్రి నిద్ర లేనట్టే: మా పెరట్లో కాక్టస్ పువ్వు

అందరికీ నమస్కారం. అరిజోనాలో ఫీనిక్స్ పక్కనే ఉన్న చాండ్లర్‌లో, మా పెరట్లో నిలబడి మాట్లాడుతున్నాను. మే నెల. సాయంత్రం ఆరు దాటినా ఎండ మాడ్చేస్తోంది. రేపు పొద్దున్నే ఆఫీసులో మీటింగ్ ఉంది, అయినా ఈ రాత్రి నాకు జాగారమే.

ఈ మొగ్గను దగ్గరగా చూడండి. జానెడు కాడ, దాని నిండా బూడిదరంగు నూగు. మొన పచ్చగా, బిగిసి ఉన్నంతవరకు నేను కంగారు పడను. ఇప్పుడు మొన ఉబ్బింది, పొరల సందుల్లోంచి గులాబి రంగు కనిపిస్తోంది. ఇక ఆగదు. చీకటి పడ్డాక విచ్చుకుంటుంది, రేపు మధ్యాహ్నం ఎండకు వాలిపోతుంది. శనివారం దాకా ఆగమంటే వినే పువ్వు కాదు.

దీని పేరు ఫ్లయింగ్ సాసర్. ట్రైకోసీరియస్ అనే కాక్టస్ జాతులను కలిపి పుట్టించిన సంకర రకం. పక్కింటి పెద్దాయన ఇచ్చిన పిలక ఇంత అయింది. పూర్తిగా విచ్చితే పువ్వు టిఫిన్ పళ్లెమంత ఉంటుంది.

"మా కాక్టస్ పూయదేమండీ" అని చాలామంది అడుగుతున్నారు. ముందు అది నిజంగా ఎప్పుడైనా పూసిందేమో చూసుకోండి. దుకాణాల్లో చిన్న కుండీల్లో పువ్వుతో సహా అమ్ముతారు కదా, వాటిలో కొన్నింటికి ఎండుపూలను జిగురుతో అంటిస్తారు. నెలల తరబడి వాడలేదంటే సంగతి అదే. అసలు మొక్కే అయితే, చలికాలంలో నీళ్లు మానేయండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చల్లగా, పొడిగా విశ్రాంతి దొరికితేనే వసంతంలో మొగ్గ తొడుగుతుంది. మొగ్గ కనిపించాక నీళ్లు ధారాళంగా పోయవచ్చు. మట్టిలో సగం ప్యూమిస్ అనే తేలికైన, చిల్లుల రాయి కలపండి, నీరు నిలవకూడదు. ఇక్కడ ఎప్పుడైనా మంచు పడే రాత్రులొస్తే జనం కాక్టస్ కొనల మీద థర్మోకోల్ గ్లాసులు బోర్లిస్తారు. మా వీధంతా టోపీలు పెట్టుకున్న మొక్కలే!

ఎడారి మొక్కకు ఎండ ఎంతైనా పరవాలేదనుకోవడం కూడా పొరపాటు. కాక్టస్ రాత్రిపూటే రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటుంది. రాత్రి చల్లబడకపోతే దానికి ఊపిరాడదు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 110 ఫారన్‌హీట్‌కు, అంటే 43 సెల్సియస్‌కు తగ్గలేదు. రాత్రులూ వేడిగానే ఉన్నాయి. ఆ వేసవిలో నిలువెత్తు సగ్వారో కాక్టస్‌లు కొమ్మలు రాల్చి కూలిపోయాయి. అప్పటినుంచి మా కుండీలకు నీడవల కట్టాం.

తొమ్మిదైంది. రేకులు కదులుతున్నాయి. ట్రైపాడ్ మీద కెమెరా నిమిషానికో ఫొటో తీస్తోంది. ఎనిమిది గంటలకు 480 ఫొటోలు, సెకనుకు 24 చొప్పున కూర్చితే మీరు చూసేది 20 సెకన్లే. ఇండియాలో ఇప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. అమ్మ పూజ ముగించి వీడియో కాల్‌లో కూర్చుంది.

"ఒక్కటి కోసి దేవుడికి పెట్టవే."

"ఉన్నదే ఒకటి కదమ్మా!"

"మరి బ్రహ్మకమలం పూస్తే మనం దీపం పెట్టి, చుట్టుపక్కల వాళ్లందరినీ పిలిచేవాళ్లం కాదూ?"

అది నిజమే. మన ఇళ్లలో బ్రహ్మకమలమని పెంచుకునేదీ కాక్టసే, మెక్సికో నుంచి వచ్చిన ఎపిఫిల్లం. హిమాలయాల్లో పూసే బ్రహ్మకమలం వేరే మొక్క. చివరికి రాజీ కుదిరింది: టైమ్‌లాప్స్ పూర్తయ్యాక మొక్క దగ్గర దీపం.

తెల్లవారింది. అసలు ఫొటోలు తీయాల్సింది ఇప్పుడే, సూర్యుడు ప్రహరీ దాటి రాకముందే. ఈ ముదురు గులాబి రంగు కెమెరాకు ఓ పట్టాన లొంగదు. నేరుగా ఎండ పడితే ఎరుపు హద్దు దాటిపోతుంది, రేకుల మీది ఈనెలు చెరిగిపోయి పువ్వంతా రంగు ముద్దలా వస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే కెమెరాలోకి వచ్చే వెలుతురు సగానికి, తగ్గిస్తాను. ఎండ వచ్చేస్తే నాన్నగారి పాత తెల్ల పంచె అడ్డంగా పట్టుకోవడం మావారి ఉద్యోగం. లోపల చూడండి, వందలాది కేసరాలు, మధ్యలో కీలాగ్రం. అప్పుడే తేనెటీగ ఒకటి పుప్పొడిలో పొర్లుతోంది. దాన్ని తరమను, ఫొటోకు అదే అందం.

పక్క కుండీలో నాగజెముడు పసుపు పువ్వు. గడ్డిపరకతో కేసరాలను తాకితే, చూశారా, అన్నీ మెల్లగా లోపలికి ముడుచుకుంటాయి. చేత్తో మాత్రం ముట్టుకోకండి. పెద్ద ముళ్లతో బాధ లేదు, కంటికి ఆనని నూగుముళ్లే రోజంతా గుచ్చుతాయి. అందుకే పట్టకారు ఎప్పుడూ నా జేబులో ఉంటుంది.

ఇండియాకు ముక్క పంపమని అడుగుతున్నారు. కుదరదండీ. కాక్టస్‌లు దాదాపు అన్నీ సైటిస్ కిందికి, అంటే అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వస్తాయి, అనుమతులు లేకుండా దేశం దాటించకూడదు. మన దేశంలోనే పశ్చిమ బెంగాల్‌లోని కాలింపాంగ్ నర్సరీలు వీటికి పేరుపొందాయి, అక్కడి మొక్కలు కొనుక్కోండి. హైదరాబాదులో పెంచితే జూన్ నుంచి వానలు తగ్గేదాకా కుండీలను చూరు కిందికి చేర్చండి. అక్కడి ఎండ కంటే వానతోనే వేరు కుళ్లి పోయేవి ఎక్కువ.

మీటింగ్‌కు పది నిమిషాలే ఉంది, వెళ్తున్నాను. మీ మొగ్గల ఫొటోలు పంపండి, ఏ రాత్రి విచ్చుకుంటాయో చూసి చెబుతాను.