గుర్రం రక్తంలోంచి పాముకాటు మందు

(తెర మీద: అరచేతిలో చిన్న గాజు సీసా. లోపల తెల్లటి పొడి.)

నమస్తే అండి. ఈ సీసాలో ఉన్న పొడి గుర్రం రక్తంలోంచి వచ్చింది. వరిమడిలో రక్తపింజర కాటేస్తే మనిషి ప్రాణం నిలిపేది ఇదే. పేరు యాంటీ స్నేక్ వెనమ్. ఆసుపత్రిలో ఏఎస్‌వీ అంటారు.

(తెర మీద: మట్టికుండలు, మూతికి గుడ్డ కట్టి ఉన్నవి.)

చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరుళ తెగవాళ్ల సహకార సంఘం ఉంది. 1978 నుంచి నడుస్తోంది. పాముల్ని పట్టుకొచ్చి ఇలా కుండల్లో ఉంచుతారు. గాజు పాత్ర అంచును కొరికించి విషం తీస్తారు. కొన్నాళ్లకు ఆ పామును మళ్లీ అడవిలో వదిలేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర... మన ఏఎస్‌వీ ఈ నాలుగింటికే పనిచేస్తుంది.

(తెర మీద: గుర్రాల శాల.)

ఆ విషాన్ని గుర్రానికి అతి కొద్దిగా ఎక్కించి, వారాల తరబడి మోతాదు పెంచుతూ పోతారు. దాన్ని ఎదుర్కోవడానికి గుర్రం ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి. అప్పుడు రక్తం తీసి, యాంటీబాడీలు ఉండే ద్రవభాగాన్ని, అంటే ప్లాస్మాను వేరుచేస్తారు. డిఫ్తీరియా అనే గొంతు జబ్బు మీద శాస్త్రవేత్తలు బేరింగ్, కిటసాటో 1890లో చూపించిన దారి ఇదే. కొన్నేళ్లకే ఫ్రెంచి వైద్యుడు కాల్మెట్ దాన్ని పాము విషానికి వాడాడు.

యాంటీబాడీ అచ్చం పంగలకర్రలా ఉంటుంది. విషాన్ని పట్టుకునేవి పైనున్న రెండు పంగలు. కింది పిడి మన ఒంటికి పడదు, రియాక్షన్ తెస్తుంది. అందుకే పెప్సిన్ అనే ఎంజైమ్‌తో పిడిని కోసేస్తారు. అయినా గుర్రం ప్రోటీన్ కొందరికి పడదు కాబట్టి పక్కనే ఆ రియాక్షన్‌ను అదుపుచేసే అడ్రినలిన్ మందు సిద్ధంగా ఉంచుతారు.

ఇంకో చిక్కుంది. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. తమిళనాడు విషంతో చేసిన మందు అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. ఈ తేడాలపై బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ)లో లోతైన పరిశోధన జరుగుతోంది. మరోపక్క ఒంటెల రక్తంలో దొరికే బుల్లి యాంటీబాడీలు ఉన్నాయి. 1993లో బెల్జియం శాస్త్రవేత్తలు వీటి సంగతి బయటపెట్టారు. వీటిని ల్యాబ్‌లో సూక్ష్మజీవుల చేత తయారుచేయించవచ్చు. నాకు ఎక్కువ ఆశ వీటి మీదే.

(తెర మీద: ఆసుపత్రి వార్డు. మంచం మీద చిన్నపిల్ల.)

"ఇంత పసిదానికి పది సీసాలా డాక్టర్ గారూ?" అని తల్లిదండ్రులు టెన్షన్ పడతారు. అవునండీ, పదే. కాటేసేది పసిపిల్లనని పాము విషం తగ్గించదు కదా. మందు లెక్క విషానికి, మనిషి బరువుకి కాదు. ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని విరిచేస్తుంది. కానీ నరాలకో, కిడ్నీలకో అప్పటికే జరిగిన నష్టాన్ని వెనక్కి తేలేదు.

(తెర మీద: నర్సు చేతులు, దగ్గరగా.)

చూడండి, ఆవిడ సీసాను గట్టిగా ఊపడం లేదు. ఊపితే నురగొచ్చి మందు పాడవుతుంది. మెల్లగా తిప్పుతూ ఉంది. పొడి పూర్తిగా కరగాలి. ఇంకా తొమ్మిది సీసాలు ఉన్నాయి.